తుమ్మి పువ్వు – తేనెటీగ

వానలు వెనుకబట్టే కాలంలో పొలం గట్ల మీద, బీళ్లలో, బాటల పక్కన మోకాలెత్తుకు మించని ఒక చిన్న మొక్క తెల్లని పూలతో కనిపిస్తుంది. అదే తుమ్మి. దీనికి ఎవరూ విత్తనం వేయరు, నీరు పోయరు. సారం లేని నేలలోను, పశువులు తిరుగాడే బీడులోను తానే మొలచి, పూచి, గింజలు రాల్చి ఎండిపోతుంది. రైతు దీనిని కలుపు అంటాడు. అయితే ఈ కలుపు మన పంటలకు ఏ విధంగా తోడ్పడుతున్నదో తెలుసుకోదగి ఉన్నది.

తుమ్మి మన దేశంలో పలు ప్రాంతాల వారికి సుపరిచితం. సంస్కృతంలో దీనిని ద్రోణపుష్పి అంటారు. తమిళులకిది తుంబై, కన్నడిగులకు తుంబె, మలయాళీలకు తుంబ. కేరళలో ఓణం పండుగనాటి పూల ముగ్గులో తుంబపూలకు విశిష్ట స్థానం కలదు. ప్రాచీన తమిళ సాహిత్య సంప్రదాయంలో పోరుకు వెడలే వీరులు ధరించే పువ్వు ఇదే. యుద్ధ వర్ణనలో ఒక విభాగానికి ‘తుంబై’ అనే పేరే స్థిరపడింది. తెలంగాణలో వినాయక చవితినాడు తుమ్మికూర వండుకోవడం ఆచారం. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని లూకాస్ ఆస్పెరా అంటారు. మొదటి మాట తెలుపు అనే అర్థం గల గ్రీకు పదం నుండి వచ్చినది. రెండవది గరుకు అనే అర్థం గల లాటిన్ పదం.

తుమ్మి తులసి కుటుంబానికి చెందినది. కాండం నలుపలకలుగా ఉంటుంది. కణుపుల వద్ద పూలు గుత్తులుగా పూస్తాయి. ఒక్కొక్క పువ్వు పొడవు సుమారు 1 సెంటీమీటరు మాత్రమే. అయినను దాని నిర్మాణం మిక్కిలి పొందికైనది. పూరేకులు అడుగున కలిసి గొట్టంగా, పైన రెండు పెదవులుగా ఏర్పడతాయి. వెడల్పైన కింది పెదవి కీటకం వాలడానికి అరుగు వంటిది. నూగుతో కప్పబడిన పై పెదవి గొడుగు వలె వంగి, నాలుగు కేసరాలను, కీలాగ్రాన్ని కాపాడుతుంది. మకరందం గొట్టం అడుగున ఉంటుంది.

తేనెటీగ కింది పెదవిపై వాలి, మకరందం కోసం తల లోనికి చొప్పిస్తుంది. అప్పుడు పైనున్న కేసరాలు దాని తలకు, వీపుకు తగిలి పుప్పొడి అంటుతుంది. మరొక పువ్వును చేరినపుడు ఆ పుప్పొడి అక్కడి కీలాగ్రానికి సోకుతుంది. దీనినే పరాగ సంపర్కం అంటారు. ఫలదీకరణం జరిగిన పిమ్మట పువ్వు అడుగున నాలుగు చిన్న గింజలు ఏర్పడతాయి. చెట్టు తొర్రలలో పట్టులు పెట్టే తేనెటీగలు, పొదల కొమ్మలకు ఒకే చిన్న పట్టు కట్టే చిన్న తేనెటీగలు, నేలలో బొరియలు చేసుకొని ఒంటరిగా జీవించే ఈగలు ఈ పూలను దర్శిస్తాయి. సీతాకోకచిలుకలు కూడా వస్తాయి. అవి పొడవైన తుండంతో దూరం నుండే తేనెను గ్రోలుతాయి గనుక, వాటి దేహానికి పుప్పొడి అంటే అవకాశం సాధారణంగా తక్కువ.

ఈ చిన్న పువ్వుకు, మన పంటకు గల సంబంధం ఇక్కడే ఉన్నది. గుమ్మడి, దోస, కాకర పాదులలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. పుప్పొడిని ఒకదాని నుండి మరొకదానికి చేర్చేవి కీటకాలే. పొద్దుతిరుగుడులో గింజ బాగా పట్టడానికీ తేనెటీగలు అవసరం. కాని పైరు పూత కొద్ది వారాలకే ముగుస్తుంది. తేనెటీగకు ఆకలి అంతటితో తీరదు. పైరు పూయని రోజులలో దానికి ఆహారమిచ్చేవి తుమ్మి వంటి అడవి పూలే. గట్లపై కలుపు మందు చల్లి, బీళ్లను పూర్తిగా దున్నివేసినచోట ఈ ఆహారం లోపిస్తుంది. నేలలోని ఈగల గూళ్లు కూడా నశిస్తాయి. పైరు తిరిగి పూచేనాటికి దానిని చేరవలసిన కీటకాలు తగ్గిపోతాయి.

కావున చేనిలో కలుపు తీయడం ఎంత అవసరమో, గట్టుపై కొంత భాగాన్ని దున్నక, మందు చల్లక విడిచిపెట్టడం అంత అవసరం. దీనికి ఖర్చు లేదు. పాఠశాల ఆవరణలో సైతం ఒక మూల తుమ్మిని పెరగనిస్తే, ఏ కీటకం ఏ వేళకు వస్తున్నదో, పుప్పొడి దాని దేహంలో ఎక్కడ అంటుతున్నదో విద్యార్థులు స్వయంగా పరిశీలించి నమోదు చేసుకొనవచ్చును.