హోండా సిటీ: పేరు ఒక్కటే, ఇంజిన్లు మాత్రం వేరు

ఈ ఎపిసోడ్‌లో హోండా సిటీ ఇంజిన్ల గురించి మాట్లాడుకుందాం. సెకండ్ హ్యాండ్‌లో సిటీ చూస్తున్న తమ్ముళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, వీటెక్ అంటున్నారు, తీసుకోవచ్చా?" నేనైతే ముందు అది నిజంగా వీటెక్కేనా అని అడుగుతా.

అసలు వీటెక్ అంటే ఏంటో చూద్దాం. ఇంజిన్‌లో వాల్వుల్ని తెరిచేవి క్యామ్‌షాఫ్ట్ మీద గుడ్డు ఆకారంలో ఉండే లోబ్‌లు. లోబ్ చిన్నదైతే సిటీ ట్రాఫిక్‌లో బండి స్మూత్‌గా పోతుంది. పెద్దదైతే ఎక్కువ ఆర్‌పీఎంలో పవర్ వస్తుంది. మామూలు ఇంజిన్‌లో ఏదో ఒకదానికే సెట్ చేయాలి. వీటెక్‌లో రెండూ పెట్టారు. ఆర్‌పీఎం పెరిగాక ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ ఒక చిన్న పిన్నును తోస్తుంది. దాంతో రాకర్ ఆర్మ్‌లు లాకై పెద్ద లోబ్‌ని ఫాలో అవుతాయి. 1989లో జపాన్‌లో ఇంటెగ్రా కారులో దీన్ని మొదటిసారి తెచ్చారు. 1.6 లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, 160 హార్స్‌పవర్! అప్పట్లో అది మామూలు విషయం కాదు. ఇంకోటి గమనించండి, మొత్తం పని ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. ఆయిల్ మార్చకుండా తిప్పిన బండిలో వీటెక్ ఉండీ లేనట్టే.

ఇక మన దేశానికొద్దాం. సిటీ ఇక్కడికి 1998లో వచ్చింది, గ్రేటర్ నోయిడా ప్లాంట్ నుంచి. మొదట 1.3, 1.5 ఇంజిన్లు, ఆ తర్వాత 106 హార్స్‌పవర్ వీటెక్. పాత కార్ల పిచ్చోళ్లు ఇప్పటికీ వెతికేది దాన్నే. నాకూ ఇష్టమే. కానీ ఆ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. ఎప్పుడు మార్చారో ఓనర్ చెప్పలేకపోతే, కొన్న వెంటనే మార్పించండి. బెల్ట్ తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగలొచ్చు, అప్పుడు బిల్లు చూసి ఏడవాలి. పైగా ఆర్‌సీ 15 ఏళ్లు దాటేసి ఉంటుంది, రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి.

అసలు తికమక 2003 చివర్లో వచ్చిన మోడల్‌తో. హోండా ఈసారి మైలేజీ వైపు వెళ్లింది. ఐ-డీఎస్ఐ అనే ఇంజిన్ పెట్టింది. ఒక్కో సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, మొత్తం 8. సిలిండర్‌కి రెండే వాల్వులు. పవర్ 77. పాత వీటెక్ నడిపినవాళ్లు డీలా పడిపోయారు. అందుకే తర్వాత అదే బాడీలో 100 హార్స్‌పవర్ వీటెక్ కూడా తెచ్చారు. 2005లో జెడ్ఎక్స్ అని ముఖం మార్చినా రెండు ఇంజిన్లూ కొనసాగాయి.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి. ఐ-డీఎస్ఐ 1497 సీసీ. ఆ వీటెక్ కూడా 1497 సీసీ. 2008లో వచ్చిన తర్వాతి సిటీ 118 హార్స్‌పవర్ ఐ-వీటెక్, అదీ 1497 సీసీనే! అంటే ఆర్‌సీలో సీసీ చూసి ఏమీ తేల్చలేరు. డిక్కీ మీద బ్యాడ్జ్ అంటారా, అది ఎవరైనా కొని అంటించేస్తారు. బానెట్ ఎత్తించి, తెలిసిన మెకానిక్‌తో ప్లగ్గులు లెక్కపెట్టించండి. ఎనిమిదుంటే ఐ-డీఎస్ఐ, నాలుగుంటే వీటెక్. ఐ-డీఎస్ఐ చెడ్డ ఇంజినేం కాదు, రోజూ ఆఫీసుకి తిరిగేవాళ్లకి మంచిదే. కాకపోతే వీటెక్ రేటు పెట్టి దాన్ని కొనకండి.

ఈ రెండో జనరేషన్ నుంచి బెల్ట్ బదులు టైమింగ్ చైన్ వచ్చింది, ఆ టెన్షన్ తక్కువ. అయితే ట్యాపెట్ సెట్టింగ్ మాత్రం అప్పుడప్పుడు చేయించాలి. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టకటకమని సౌండొస్తే బేరంలో వాడుకోండి.

2014లో డీజిల్ సిటీ, 2022లో హైబ్రిడ్ వచ్చాయి. వాటి లెక్కే వేరు, ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి.