హఠాత్తుగా బలం తగ్గిన బండి

నిన్నటిదాకా చక్కగా నడిచిన కారు ఎత్తు రాగానే ఈడ్చుకొనిపోవడం మొదలుపెడితే, ఇంటివారికి మొదట వినబడే తీర్పు ‘ఇంజను విప్పాలి’ అన్నదే. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినా, పెద్దల గుర్తుగా దానిని అట్టిపెట్టుకొన్న కుటుంబాలు ఇంకా ఉన్నవి. ఆ తీర్పుకు జడిసి బండిని పాత ఇనుము క్రింద అమ్మబోయే వారికి మేము చెప్పేది ఒక్కటే: పిస్టన్లు, రింగులు ఒక్కపూటలో అరగవు. ఆ అరుగుదల నీలిపొగ చూపి, ఆయిలు త్రాగి ముందే తెలియజేస్తుంది. హఠాత్తుగా బలం పోయినదంటే పెట్రోలో, నిప్పురవ్వో సరిగా అందడం లేదని మొదట అనుమానించాలి.

స్విచ్చి తీసేసినట్లు టక్కున ఆగితే చాలావరకు నిప్పురవ్వ లోపమే. కుదుపులతో, తడబడుతూ నీరసిస్తే పెట్రోలు.

వేసవిలో సేలం నుంచి యేర్కాడు కొండ ఎక్కే బండినే తీసుకొనండి. సగం దారిలో బలం తగ్గితే, బండిని ప్రక్కకు తీసి, వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందుగా పెట్రోలు టాంకు మూత తీసి చూడండి. ‘బుస్సు’మని గాలి లోపలికి పోయి, ఆపైన బండి హుషారుగా కదిలితే, మూతకుండే గాలిరంధ్రం పూడుకొన్నదన్నమాట. దానికి సన్నని తీగ చాలును, కాణీ ఖర్చు లేదు! అదీ కాకపోతే, వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై ఉండవచ్చు. ఇంజను ఆపి, పంపుపైన తడిగుడ్డ కప్పి, అరగంట చల్లారనివ్వాలి. ఇంటికి చేరిన తరువాత ఫిల్టరును, పంపులోని రబ్బరు పొరను చూపించుకోవాలి. 2023 నుంచి బంకులలోకి వస్తున్న, 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాతకాలపు రబ్బరు తట్టుకోలేదు. ఈ సంగతి పాత బండ్లవారందరూ గుర్తుంచుకోవలసినది.

నిప్పురవ్వ మాటకొస్తే, డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లు చూడాలి. నల్లగా కాలి ఉంటే మార్చాలి. వాటి మధ్య ఎడం సుమారు 0.015 అంగుళం ఉండాలి. రవ్వ నీలంగా, గట్టిగా కాక, పచ్చగా పలుచగా వస్తుంటే కండెన్సరుపై అనుమానం. ఇది గడుసుది: వేడిలో మొరాయించి, చల్లారగానే ఏమీ ఎరుగనట్లు పనిచేస్తుంది. మెకానిక్కు వచ్చేసరికి బండి చక్కగా నడుస్తుంటుంది! అందుకే ఒక కొత్త కండెన్సరు బండిలో ఉంచుకోవడం మేలు.

రేడియేటరులో నీరు మాటిమాటికీ తగ్గి, పొగగొట్టం నుంచి తెల్లని ఆవిరి వదలకుండా వస్తుంటే మాత్రం హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చు. అప్పుడు హెడ్డు విప్పక తప్పదు, బండిని ఇక నడపనూ కూడదు. వేడి మీద రేడియేటరు మూత తీయబోకండి.