కాంతి వక్రీభవనం

కాంతి ఒక పారదర్శక యానకం నుండి మరొక పారదర్శక యానకంలోకి ఏటవాలుగా ప్రవేశించేటప్పుడు, ఆ రెండింటి సరిహద్దు వద్ద తన దిశను మార్చుకొంటుంది. ఈ దృగ్విషయాన్ని కాంతి వక్రీభవనం అంటారు. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనబడటం, చెరువు అడుగు ఉన్న లోతు కంటే పైకి కనబడటం, ఎండాకాలంలో తారు రోడ్డుపై నీరు ఉన్నట్లు తోచడం దీని వలననే జరుగుతాయి. కళ్ళజోడు, సూక్ష్మదర్శిని, కెమెరా కటకం, దృశా తంతువు మొదలైన సాధనాలన్నిటికీ ఆధారం కూడా ఇదే.

కారణం

కాంతి వేగం శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. నీటిలో అది సుమారు 2,25,000 కిలోమీటర్లకు, సాధారణ గాజులో సుమారు 2,00,000 కిలోమీటర్లకు, వజ్రంలో సుమారు 1,24,000 కిలోమీటర్లకు తగ్గుతుంది. ఈ వేగభేదమే వక్రీభవనానికి కారణం.

దీనిని ఒక ఉపమానంతో గ్రహించవచ్చును. గట్టి బాట మీద పోతున్న ఎడ్లబండి ఏటవాలుగా బురద పొలంలోకి దిగిందనుకొందాం. ముందుగా బురదలో దిగిన చక్రం నెమ్మదిస్తుంది. రెండవ చక్రం ఇంకా గట్టి నేలపై మునుపటి వేగంతోనే కదులుతూ ఉంటుంది. అందువలన బండి, నెమ్మదించిన చక్రం వైపుకు తిరుగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి బురదలో దిగితే మాత్రం బండి నెమ్మదిస్తుందే గాని తిరగదు. కాంతి కూడా అంతే. సరిహద్దు తలానికి లంబంగా వచ్చిన కిరణం వేగం మారినా, వంగకుండా సూటిగా పోతుంది. యానకం మారినప్పుడు కాంతి వేగం, తరంగదైర్ఘ్యం మారుతాయి, పౌనఃపున్యం మారదు. ఎరుపు రంగు వస్తువు నీటిలో ముంచినా ఎర్రగానే కనబడటానికి కారణం ఇదే.

స్నెల్ నియమం

పతన కోణం సైన్ విలువకు, వక్రీభవన కోణం సైన్ విలువకు గల నిష్పత్తి ఏ రెండు యానకాలకైనా స్థిరంగా ఉంటుంది. గాలి నుండి నీటిలోకి పోయే కాంతికి ఈ నిష్పత్తి 1.33. ఉదాహరణకు నీటి ఉపరితలంపై 60 డిగ్రీల కోణంతో పడిన కిరణం నీటిలో సుమారు 41 డిగ్రీల కోణంతో ప్రయాణిస్తుంది. ఈ కోణాలను సరిహద్దు తలం నుండి కాక, దానికి గీసిన లంబం నుండి కొలవాలి. పరీక్షలలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడనే.

గ్రీకు పండితుడు టాలెమీ రెండవ శతాబ్దంలోనే ఈ కోణాలను కొలిచినా సరైన నియమాన్ని చేరుకోలేకపోయాడు. బాగ్దాదుకు చెందిన ఇబ్న్ సహ్ల్ 984 ప్రాంతంలో దీనిని గ్రహించాడు. డచ్ గణితవేత్త స్నెల్ 1621లో స్వతంత్రంగా కనుగొన్నాడు గాని ప్రచురించలేదు. 1637లో డెకార్ట్ ప్రచురించాడు. కాంతి చిన్న కణాల ప్రవాహమని భావించిన న్యూటన్ సిద్ధాంతం ప్రకారం నీటిలో కాంతి వేగం గాలిలో కంటే ఎక్కువ కావాలి. 1850లో ఫూకో ప్రయోగపూర్వకంగా నీటిలో వేగం తక్కువేనని నిరూపించడంతో ఈ వివాదం తరంగ సిద్ధాంతానికి అనుకూలంగా ముగిసింది.

శూన్యంలో కాంతి వేగానికి, యానకంలో కాంతి వేగానికి గల నిష్పత్తిని ఆ యానకపు వక్రీభవన గుణకం అంటారు. దీని విలువ గాలికి 1.0003, మంచుగడ్డకు 1.31, నీటికి 1.33, కిరోసిన్‌కు 1.44, క్రౌన్ గాజుకు 1.52, వజ్రానికి 2.42. కిరోసిన్ నీటిపై తేలుతుంది, అనగా దాని సాంద్రత నీటి కంటే తక్కువ. అయినా దాని వక్రీభవన గుణకం నీటి కంటే ఎక్కువ. కాబట్టి "సాంద్రతర యానకం" అన్నప్పుడు అది దృశా సాంద్రతే గాని, బరువుకు సంబంధించిన సాంద్రత కాదు.

దృశ్య లోతు – చెరువులు, బావులు

నీటి అడుగున ఉన్న వస్తువు నుండి బయలుదేరిన కిరణం గాలిలోకి వచ్చేటప్పుడు లంబం నుండి దూరంగా వంగుతుంది. అయితే మనిషి కన్ను, మెదడు ఆ వంపును లెక్కలోకి తీసుకోవు. కిరణం తిన్నగానే వచ్చిందని భావించి, వస్తువును దాని అసలు స్థానం కంటే పైన ఊహించుకొంటాయి. నిట్టనిలువుగా చూసినప్పుడు దృశ్య లోతు, నిజమైన లోతును 1.33తో భాగించగా వచ్చినంత ఉంటుంది. అనగా ఎనిమిది అడుగుల లోతు ఆరు అడుగులుగా కనబడుతుంది. గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూసినప్పుడు లోతు ఇంకా తక్కువగా తోస్తుంది. చూసేవాడు గట్టు నుండి చూస్తాడే గాని నీటికి సరిగ్గా పైన ఉండి చూడడు గనుక, రెండవ సందర్భమే ఎక్కువగా ఎదురవుతుంది.

కాకతీయుల కాలం నుండి చెరువుల మీద ఆధారపడిన ప్రాంతాలకు ఇది కేవలం పాఠ్యాంశం కాదు. మహబూబాబాద్ జిల్లాలో గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఘనపురంలోని గణపసముద్రం, 2019 వరకు అదే జిల్లాలో ఉండి ప్రస్తుతం ములుగు జిల్లాలో ఉన్న రామప్ప చెరువు ఇటువంటివి. జనగామ వైపు మెట్ట ప్రాంతంలో చెరువులతో పాటు లోతైన వ్యవసాయ బావులు కనబడతాయి. వానాకాలంలో ఎర్రమట్టి కలిసిన నీటిలో అడుగు కనబడదు కాబట్టి ఎవరైనా జాగ్రత్త పడతారు. నీరు తేరుకొని అడుగున రాళ్ళు స్పష్టంగా కనబడుతున్నప్పుడే కన్ను ఎక్కువగా మోసపోతుంది. నడుము లోతు అనుకొని దిగినచోట నీరు ఛాతీ వరకు రావచ్చును. ఈత రాని పిల్లవాడికి, అందునా మెట్టుగా తెగిన బావి అంచున గాని, వదిలివేసిన క్వారీ గుంతలో గాని, ఆ తేడా ప్రాణాంతకం. లోతును కర్రతో కొలవాలే గాని కంటితో అంచనా వేయరాదు. చేపను ఈటెతో పొడిచేవారు చేప కనబడిన చోటుకు కాక, దానికి కొంచెం క్రిందికి గురి పెట్టవలసి రావడం కూడా ఈ కారణం చేతనే.

దీనిని ఇంటిలోనే పరిశీలించవచ్చును. ఖాళీ గిన్నె అడుగున ఒక నాణెం ఉంచి, గిన్నె అంచు అడ్డు వచ్చి నాణెం కనబడకుండా పోయేంత వరకు వెనుకకు జరగాలి. తల కదపకుండా ఉండగా మరొకరు గిన్నెలో మెల్లగా నీరు పోస్తే, కొంతసేపటికి నాణెం తిరిగి కనబడుతుంది.

వాతావరణంలో వక్రీభవనం

గాలి పొరల సాంద్రత పైకి పోయిన కొలదీ తగ్గుతుంది. అందువలన సూర్యకిరణాలు క్రమంగా వంగుతూ భూమిని చేరతాయి. క్షితిజం వద్ద ఈ వంపు సుమారు 34 నిమిషాల కోణం (ఒక డిగ్రీలో సగం కంటే కొంచెం ఎక్కువ). సూర్యబింబం వెడల్పు సుమారు 32 నిమిషాల కోణం మాత్రమే. కాబట్టి సాయంత్రం బింబం క్షితిజాన్ని తాకుతున్నట్లు కనబడే వేళకు నిజానికి సూర్యుడు పూర్తిగా అస్తమించి ఉంటాడు. నక్షత్రాలు మిణుకుమనడం, ఎండమావులు కూడా గాలి పొరల వక్రీభవన ఫలితాలే.

రంగులు విడిపోవడం

వక్రీభవన గుణకం అన్ని రంగులకు ఒకటి కాదు. ఊదా కాంతి ఎక్కువగా, ఎరుపు కాంతి తక్కువగా వంగుతాయి. అందుచేత గాజు పట్టకం గుండా పోయిన తెల్లని కాంతి రంగులుగా విడిపోతుంది. వాన చినుకులు ఇదే పని చేసినప్పుడు ఇంద్రధనుస్సు ఏర్పడుతుంది.

ఈ ధర్మం తెలుగునాట ఒక ముఖ్య పరిశీలనకు ఉపయోగపడింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరులో పట్టకాలు గల వర్ణపటదర్శినితో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను పరిశీలించాడు. వాటి వర్ణపటంలోని గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉండటం చూసి, మరునాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. మచిలీపట్నంలో పరిశీలన జరిపిన మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ కూడా ఒక పసుపు గీతను నమోదు చేశాడు. "హీలియంను గుంటూరులో కనుగొన్నారు" అని తరచుగా వ్రాస్తుంటారు. ఇది పూర్తిగా సరికాదు. ఆ పసుపు గీత సోడియంది కాదని, తెలియని మూలకానిదని తేల్చినది ఇంగ్లండులోని నార్మన్ లాకియర్. భూమిపై హీలియంను విలియం రామ్సే 1895లో వేరుచేశాడు.

సంపూర్ణాంతర పరావర్తనం

నీటిలో నుండి గాలిలోకి వచ్చే కిరణపు పతన కోణం సుమారు 49 డిగ్రీలు దాటితే కిరణం బయటకు రాదు, మొత్తం నీటిలోకే పరావర్తనం చెందుతుంది. ఈ హద్దును సందిగ్ధ కోణం అంటారు. గాజుకు ఇది సుమారు 42, వజ్రానికి సుమారు 24 డిగ్రీలు. వజ్రం తళుకుకు మూలం ఈ చిన్న కోణమే. దృశా తంతువులో లోపలి గాజు వక్రీభవన గుణకం బయటి పొర కంటే కొంచెం ఎక్కువ. అందుచేత కాంతి బయటికి పోకుండా తంతువు వెంబడే సాగిపోతుంది. వైద్యంలో ఎండోస్కోపీకి, సమాచార ప్రసారానికి దీనిని వాడతారు. స్వచ్ఛమైన గాజు తంతువులతో దూరప్రాంతాలకు సమాచారం పంపవచ్చునని 1966లో చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. తెలంగాణలో టీ-ఫైబర్ పథకం క్రింద ఈ తంతువుల గొట్టాలను మిషన్ భగీరథ త్రాగునీటి పైపుల కందకాలలోనే వేశారు.

కన్ను, కళ్ళజోడు

కంటిలోకి వచ్చే కాంతి ఎక్కువ భాగం వంగేది లోపలి కటకం వద్ద కాదు, ముందున్న పారదర్శక పొర కార్నియా వద్ద. కంటి మొత్తం సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు కాగా, అందులో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియాదే. నీటిలో కళ్ళు తెరిచినప్పుడు అంతా మసకగా కనబడటానికి ఇదే కారణం. కార్నియా గుణకం 1.376, నీటిది 1.33. తేడా స్వల్పం కాబట్టి కాంతి అక్కడ దాదాపు వంగదు. ఈత అద్దాలు పెట్టుకొంటే కంటి ముందు గాలి పొర నిలిచి, చూపు తిరిగి స్పష్టమవుతుంది.

లోపలి కటకం పని సవరింపు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది ఉబ్బుతుంది. నలభై ఏళ్ళు దాటిన తరువాత ఆ మెత్తదనం తగ్గి చత్వారం వస్తుంది. ఇది రోగం కాదు, అందరికీ వచ్చేదే. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుపై సన్నని నగిషీ చెక్కే పనివారికైనా, బియ్యంలో రాళ్ళు ఏరే ఇల్లాలికైనా, సూదిలో దారం ఎక్కించే దర్జీకైనా చేతి దూరంలోని పని మసకబారిందంటే పనికే ఆటంకం. పనితనం చేతికి బాగా పట్టుబడిన వయస్సులోనే చూపు తగ్గడం ఇందులోని ఇబ్బంది.

దీనికి పరిష్కారం ఒక కుంభాకార కటకం. కటక సామర్థ్యం, మీటర్లలో తెలిపిన నాభ్యంతరానికి విలోమం. ఒక వ్యక్తికి అర మీటరు కంటే దగ్గరివి కనబడటం లేదనుకొందాం. అతడు 25 సెంటీమీటర్ల దూరంలో చదవాలంటే కావలసినది 4 లోంచి 2 తీసివేయగా మిగిలిన +2 డయాప్టర్లు. అద్దాల చీటీపై కనబడే ప్లస్, మైనస్ అంకెలకు అర్థం ఇదే. హ్రస్వదృష్టికి మైనస్ గుర్తు గల పుటాకార కటకాలు వాడతారు.

లెక్క సులభమైనా, పరీక్ష చేసేవారు దగ్గరలో లేక ఎందరో ఏళ్ళ తరబడి మసక చూపుతోనే పని చేసుకొంటారు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభమైన "కంటి వెలుగు" కార్యక్రమంలో తెలంగాణ అంతటా గ్రామాలలోనే శిబిరాలు నడిపి, మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేసి, అవసరమైనవారికి ఉచితంగా అద్దాలు ఇచ్చారు. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది.

మోతిబిందు (శుక్లం) వచ్చిన కంటికి అద్దాలు సరిపోవు. అక్కడ కటకమే పారదర్శకతను కోల్పోతుంది. శస్త్రచికిత్సలో దానిని తీసివేసి కృత్రిమ కటకం అమరుస్తారు. ఇటువంటి కటకాన్ని మొదటిసారి 1949 నవంబరు 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అమర్చాడు. యుద్ధ విమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకొన్న యాక్రిలిక్ ముక్కలు కంటికి హాని చేయకుండా ఉండిపోవడం గమనించి ఆయన ఆ పదార్థాన్నే ఎన్నుకొన్నాడు. శస్త్రచికిత్సకు ముందు కార్నియా వంపును, కంటి పొడవును కొలిచి, ఆ వ్యక్తికి సరిపడే సామర్థ్యం గల కటకాన్ని నిర్ణయిస్తారు. సాధారణ కృత్రిమ కటకం సహజ కటకంలా ఉబ్బలేదు కాబట్టి, దూరపు చూపు బాగుపడినా చదవడానికి చాలామందికి మరల అద్దాలు కావలసివస్తాయి.