నాడి కెరటం వేగం చెప్పే సంగతి

గుండె కొట్టుకున్న ప్రతిసారీ మహాధమనిలో ఒక ఒత్తిడి కెరటం పుట్టి కాళ్ల దాకా పరుగెడుతుంది. రక్తం అంత వేగంగా పోదు, పరుగెత్తేది కెరటమే. ధమని గోడ మెత్తగా సాగుతుంటే కెరటం నెమ్మదిగా వెళ్తుంది, బిరుసెక్కితే వేగం పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పును ముందే పసిగట్టడానికి వైద్యులు ఈ వేగాన్ని కూడా కొలుస్తారు.

లెక్క చూద్దాం. మెడ దగ్గరి నాడికీ గజ్జల్లోని నాడికీ మధ్య దూరం 62.5 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో 80 శాతం, అంటే 50 సెంటీమీటర్లనే లెక్కలోకి తీసుకుంటారు. మెడలో తగిలిన కెరటం 80 మిల్లీసెకన్ల తర్వాత గజ్జల్లో తగిలితే వేగం సెకనుకు 6.25 మీటర్లు. 50 మిల్లీసెకన్లకే తగిలితే 10 మీటర్లు. రెండింటికీ తేడా 30 మిల్లీసెకన్లే. కానీ 2012లో యూరప్ నిపుణులు ముప్పుకు గీసిన హద్దు ఆ 10 మీటర్లే.

వయసుతో ఈ అంకె ఎలాగూ పెరుగుతుంది. 2010లో వెలువడిన యూరప్ లెక్కల ప్రకారం 30 ఏళ్లలోపు ఆరోగ్యవంతుల్లో సగటు సెకనుకు 6.2 మీటర్లు, యాభైల్లో 8.3, డెబ్బై దాటితే 10.9. అదే ఏడాది 17 అధ్యయనాల్లోని 15,877 మంది వివరాలను కలిపి చూస్తే, వేగం సెకనుకు ఒక్క మీటరు పెరిగితే గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 14 శాతం ఎక్కువని తేలింది.

మన దగ్గర హైదరాబాద్‌లోనే పెరిస్కోప్ అనే యంత్రం తయారైంది. రెండు చేతులకూ రెండు కాళ్లకూ పట్టీలు కట్టి, ఈసీజీతో కలిపి కొలుస్తుంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ ఎం.యు.ఆర్. నాయుడు బృందం దాన్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఇలా చేతి నుంచి చీలమండ వరకు కొలిస్తే అంకె ఎక్కువే వస్తుంది, దాన్ని పై 10తో పోల్చకూడదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన పరిశోధన ఇంకా విలువైనది. 1987–90 మధ్య 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ పౌష్టికాహారంగా ఉప్మా పెట్టారు. మరో 14 ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక 1,165 మందిని పరీక్షిస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ధమనుల బిరుసును తెలిపే సూచిక 3.3 శాతం తక్కువ. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే బీపీలో కనబడని తేడాను ధమని చూపింది. అయితే వాళ్లు పెద్దయ్యాక ఆ మేలు నిలిచినట్టు ఆధారం దొరకలేదని 2020లో అదే పరిశోధన తెలిపింది. ఈ రెండో మాట దాచిపెట్టి మొదటిది మాత్రమే చెప్పడం అన్యాయం.

ఇక కరీంనగర్, ఆదిలాబాద్ లాంటి జిల్లాల సంగతి. కెరటం వేగం ఊరి పీహెచ్‌సీలో చూసే పరీక్ష కాదు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 31.4 శాతం, ఆడవారిలో 26.1 శాతం మందికి అధిక బీపీ ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. ఇంతమందికి యంత్రం ఎక్కడ తెస్తాం? బీపీ పట్టీ మాత్రం పల్లె దవాఖానలోనూ ఉంది, అదీ కొంత చెబుతుంది.

పెద్దాయనకు పైన 160, కింద 78 వచ్చిందనుకోండి. ‘కింది బీపీ మంచిగనే ఉంది’ అని ఇంటికొచ్చేస్తారు. పొరపాటు అక్కడే. మెత్తని మహాధమని గుండె దెబ్బను కొంత తనలో దాచుకుని, తర్వాత మెల్లగా వదులుతుంది. బిరుసెక్కితే దాచుకోలేదు, అందుకే పై అంకె ఎగబాకి కింది అంకె దిగుతుంది. ఇక్కడ తేడా 82. పెద్ద వయసులో తేడా 60 గానీ, ఆపైన గానీ ఉంటే అది ధమనుల బిరుసుకు గుర్తు. అమెరికాలో 4,736 మంది వృద్ధుల మీద జరిగి 1991లో వెలువడిన షెప్ అధ్యయనంలో ఇలా పై బీపీ మాత్రమే ఎక్కువున్నవారికి మందులిస్తే పక్షవాతం 36 శాతం తగ్గింది.

కాబట్టి మీ నాయనకో అమ్మకో బీపీ చూపించినప్పుడు రెండు అంకెలూ రాయించుకోండి, తేడా లెక్కగట్టండి. 60 గానీ, ఆపైన గానీ ఉంటే కింది అంకె చూసి ఊరుకోకుండా డాక్టర్‌ను అడగండి. బీడీ, సిగరెట్ మాన్పించండి. రాసిచ్చిన మాత్రలను మధ్యలో ఆపనివ్వకండి.