పిక్ మీది అంకె

గిటార్ పిక్ కొనబోతే ముందు కనిపించేది దాని మీద అచ్చేసిన అంకె: 0.60, 0.73, 0.88. మిల్లీమీటర్లలో మందం అది. సన్నది స్ట్రమ్మింగ్‌కి, మందపాటిది లీడ్‌కి అన్న సలహా ఎక్కడైనా దొరుకుతుంది. సలహాలో తప్పు లేదు గానీ అంకెను అక్షరాలా నమ్మితే మోసపోతాం. వేళ్లకు నిజంగా తెలిసేది పిక్ ఎంత తేలిగ్గా వంగుతుందన్నదే. పలుచని రేకు బిగువు దాని మందానికి ఘనంలో పెరుగుతుంది. 0.60 నుంచి 0.73కి తేడా వెంట్రుకంత, బిగువు మాత్రం దాదాపు 1.8 రెట్లు. 0.88 నుంచి 1.0కి తేడా ఇంచుమించు అంతే అయినా పెరిగేది ఒకటిన్నర రెట్లే. 0.50తో పోలిస్తే 1.14 పిక్ పన్నెండు రెట్లు మొండిది. అంకెలు మెట్లలా పేర్చినట్టు కనిపిస్తాయి గానీ ఆ మెట్ల ఎత్తులు సమానం కావు.

ఇదంతా ఒకే పదార్థం అనుకుంటేనే. పిక్ చరిత్రంతా ఆ పదార్థం కోసం సాగిన వెతుకులాటే. వీణను గోటితో మీటేవారికి తెలిసిన గుణమే గిటార్, మాండొలిన్ వాద్యకారులకు తాబేటి చిప్పలో దొరికింది. గోరూ, హాక్స్‌బిల్ సముద్ర తాబేలు డొప్పా రెండూ కెరటినే మరి. బిగువుగా ఉంటుంది, అంచును నున్నగా సానబట్టవచ్చు, తీగను జారకుండా పట్టి వదులుతుంది. 1922లో న్యూయార్క్‌లో లుయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ రేకుల నుంచి పిక్‌లు కోయించి అమ్మడం మొదలుపెట్టాడు. ఏనుగు దంతపు బిలియర్డ్ బంతులకు ప్రత్యామ్నాయం వెతుకుతూ జాన్ వెస్లీ హయట్ రూపొందించిన పదార్థం అది. పాత సినిమా రీళ్లూ దానితోనే తయారయ్యేవి, నిప్పంటుకుంటే భగ్గుమనేవి. ఆ పిక్‌ల మీద తాబేటి చిప్ప గోధుమ మచ్చల్ని కూడా అనుకరించారు. 1970లలో అంతర్జాతీయ ఒప్పందం తాబేటి చిప్ప వ్యాపారానికి అడ్డుకట్ట వేశాక వెతుకులాట ఇంకా తీవ్రమైంది. 1981లో డన్‌లప్ కంపెనీ డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో టోర్టెక్స్ తెచ్చింది. పేరులోనే తాబేలు ఉంది. దాని మసక ఉపరితలం చెమట పట్టిన వేళ్ల మధ్య కూడా అంతగా జారదు. నైలాన్ మరో రకం: మెత్తగా వంగుతుంది, తేమ పీల్చుకుంటే ఇంకా మెత్తబడుతుంది. అందుకే 0.73 నైలాన్, 0.73 టోర్టెక్స్ చేతికి ఒక్కటిగా తోచవు.

రాక్ గిటారిస్ట్ బ్రయన్ మే పాత ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు, మరి ఈ లెక్కలెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ ఉదాహరణ ఈ వాదనకే సాక్ష్యం. నాణెం బొత్తిగా వంగదు, కాబట్టి వంగే పనంతా వేళ్లే చేయాలి, వేళ్ల పట్టే స్వరాన్ని శాసిస్తుంది. దాని గరుకు అంచు తీగను గీరుతూ అదనపు ధ్వని ఇస్తుంది. అసలు పట్టుకునే తీరే మందంతో పోటీపడుతుంది. వేళ్ల బయట మిగిలిన పొడవు 10 మిల్లీమీటర్ల నుంచి 8కి తగ్గితే బిగువు దాదాపు రెట్టింపవుతుంది, ఒక అంకె పైకి వెళ్లినట్టే. అయితే అంతా చేతిలోనే ఉందనడం కూడా అతి. సన్న పిక్‌ను పొట్టిగా పట్టి బిగించవచ్చు గానీ ఆరు తీగల మీదుగా ఊపడానికి మొన చాలదు. మందపాటిదాన్ని పొడుగ్గా పట్టి మెత్తబరచాలంటే అది వేళ్లలోంచి తప్పుకుంటుంది. కనుక పనిని బట్టి అంకెను స్థూలంగా ఎంచుకుని, మిగిలిన సవరణ పట్టుకు వదిలేయడం మేలు. కొత్తవారికి 0.73 దగ్గర మొదలుపెట్టమనడానికి కారణం ఇదే: అక్కడి నుంచి రెండు వైపులా సవరించుకునే చోటుంది.

వినేవాడికి ఇదంతా తెలుస్తుందా? కొంత తెలుస్తుంది. మీటేముందు పిక్ తీగను పక్కకు లాగి ఒక కోణంగా వంచుతుంది. ఆ కోణం ఎంత పదునుగా ఉంటే పై అనుస్వరాలు అంత బలంగా పుడతాయి, వెడల్పైన మొన దాన్ని గుండ్రపరిచి ధ్వనిని మెత్తబరుస్తుంది. కొందరు జాజ్ వాద్యకారులు పిక్‌ను తిప్పి గుండ్రటి భుజంతో మీటుతారు. మందం మారకుండానే స్వరం మెత్తబడుతుంది.