చేయి అందించుట నేర్చిన పిల్లలు

డాన్సు అనే మాటకు మన సంఘములలో మంచి పేరు లేదు. బాల్‌రూమ్ డాన్సు అంటే మరీను. స్త్రీ పురుషులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని, వాయిద్యమునకు తగినట్టు అడుగులు వేసే పాశ్చాత్య నాట్యము అది. దానిని పదేళ్ల పిల్లలకు బడిలో నేర్పి, ఆపైన పోటీలు పెడితే ఏమవుతుందో చూపిన చిత్రము ఒకటి 2005లో అమెరికాలో విడుదలైంది. పేరు 'మ్యాడ్ హాట్ బాల్‌రూమ్'. ఇది కథ అల్లి తీసిన సినిమా కాదు. నిజముగా జరిగినదానిని జరిగినట్టు తీసిన డాక్యుమెంటరీ. నిడివి గంటా ముప్పావు. ఎక్కడో న్యూయార్కు సంగతి మనకెందుకని కొందరు అడగవచ్చు. అమ్రాబాదు, మన్ననూరు, అచ్చంపేట బడులలో వార్షికోత్సవము దగ్గర పడినప్పుడల్లా మన ఇళ్లలో పుట్టే ప్రశ్నే ఆ చిత్రములోను ఉన్నది గనుక ఈ నెల దానిని గూర్చి వ్రాస్తున్నాము. మన బిడ్డను ఆడనివ్వాలా, వద్దా?

చిత్రములో మూడు ప్రభుత్వ బడులు కనిపిస్తాయి. పిల్లలందరు ఐదవ తరగతి వారు. ఒక బడి ట్రైబెకా అనే కలిగినవారి పేటలో ఉన్నది. రెండవది బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్‌లో. అక్కడ ఇటలీ కుటుంబముల పిల్లలు, ఆసియా దేశముల నుండి వచ్చినవారి పిల్లలు కలిసి చదువుతారు. మూడవది వాషింగ్టన్ హైట్స్. డొమినికన్ రిపబ్లిక్ అనే ద్వీప దేశము నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చిన బీదవారు ఎక్కువగా ఉండే చోటు అది. వలస అంటే ఏమిటో పాలమూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు పొద్దుగూకే వరకు పనిలో ఉంటే పిల్లలు వీధిలో ఏమి నేర్చుకుంటారో కూడ చెప్పనక్కరలేదు.

ఈ బడులలో డాన్సు ఇష్టమున్నవారు మాత్రమే చేరే తరగతి కాదు. లెక్కలు, సైన్సు లాగే అదీ ఒక పాఠము. పది వారములు నడుస్తుంది. మెరెంగే, రుంబా, టాంగో, ఫాక్స్‌ట్రాట్, స్వింగ్ అని ఐదు రకముల నాట్యములు నేర్పుతారు. పియరీ డులేన్, ఇవాన్ మార్సో అనే ఇద్దరు వృత్తి కళాకారులు 1994లో దీనిని ప్రారంభించారు. చిత్రము తీసే నాటికి అరవైకి పైగా బడులకు ప్రాకింది. ఏమీ సూయెల్ అనే ఆమె ముందు తమ పేట పత్రికకు ఈ తరగతులను గూర్చి ఒక వ్యాసము వ్రాశారు. ఆ వ్యాసములో నుండే చిత్రము పుట్టింది. దర్శకత్వము వహించినది మెరిలిన్ అగ్రెలో.

మొదటి రోజుల పాఠములు చూస్తే నవ్వు ఆగదు. అబ్బాయిలు ఒక గోడకు, అమ్మాయిలు మరో గోడకు. చేయి పట్టుకోమంటే ముఖములు చిట్లిస్తారు, ఎటో చూస్తారు, చేతులు చొక్కాలకు తుడుచుకుంటారు. మన గుడిలో చాపల మీద ఒకవైపు ఆడవారు, ఒకవైపు మగవారు కూర్చునే అలవాటులో పెరిగిన పిల్లలైనా ఇంతకంటె బిడియపడరేమో! పంతులు మాత్రం నవ్వడు. వీపు నిటారుగా పెట్టమంటాడు. ఎదుటివారి కన్నులలోనికి చూడమంటాడు. అబ్బాయి అమ్మాయికి చేయి అందించి, మర్యాదగా తోడుకొని వెళ్లి నిలబెట్టవలె. టాంగోకు ఐదు అక్షరములు. ఒక్కొక్క అక్షరము పలుకుతూ ఒక్కొక్క అడుగు. రుంబాలో నేల మీద కనబడని పెట్టె ఒకటి గీసినట్టు అడుగులు సాగుతాయి. మెరెంగే సుళువు, దాదాపు కవాతు వంటిదే. అది డొమినికన్ల సొంత నాట్యము గనుక వాషింగ్టన్ హైట్స్ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినదే.

ఆ బడిలోనే ఒక బాలుడున్నాడు. ఇంగ్లీషు సరిగా రాదు. వాడు రుంబా ఆడుతుంటే తోటి పిల్లలు, టీచర్లు చూపు త్రిప్పుకోలేరు. ఈ బాలుని చూచినప్పుడు మాకు నల్లమల చెంచు పెంటల నుండి ఆశ్రమ పాఠశాలలకు వచ్చే బిడ్డలు జ్ఞాపకము వచ్చారు. అడవిలో చెట్టునూ పిట్టనూ పేరు పెట్టి పిలువగలవారు తరగతిలో వెనుక వరుసన నోరు విప్పకుండ కూర్చుంటారు. పుస్తకము కాక మరి దేనిలోనైనా ఆ బిడ్డ ముందు నిలువగల అవకాశము బడి ఇస్తున్నదా? ఇది డాన్సు ఒక్కదానికే చెందిన ప్రశ్న కాదు.

మన పెద్దల అభ్యంతరము తేలికగా త్రోసివేయదగినది కాదు. మహబూబ్‌నగర్ ప్రాంతమునకు సువార్త తెచ్చిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీల సంఘములు తమ దేశములోనే నాట్యమును లోకాశగా ఎంచి దూరముంచినవి. హేరోదియ కుమార్తె ఆడిన ఆటకు బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయినదని మన పిల్లలకు సండేస్కూలులో చెప్పుచున్నాము. అయితే అదే గ్రంథములో మిర్యాము ఉన్నది, మందసము ముందు దావీదు ఉన్నాడు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన రాత్రి ఆ ఇంట్లో నాట్యము జరిగింది. ఆ చప్పుడు విని బయట నిలిచిపోయినవాడు పెద్ద కుమారుడు.

మాకు నిజముగా బాధ కలిగించేది వేరే ఉన్నది. ఇప్పుడు మన ఊరి బడులలో వార్షికోత్సవమంటే సినిమా పాటలే. ఏడేళ్ల పాపకు రంగులు పూసి, పెద్దవారు చేసే సైగలు చేయించి, క్రింద కూర్చున్న మనమే చప్పట్లు కొడుతున్నాము. ఆ న్యూయార్కు పిల్లల చేతులు కలిసినవి గాని వారి ఆటలో అటువంటి వెకిలితనము మాకు కనబడలేదు. చేయి తాకుటే తప్పనుకునేవారు క్రిస్మస్ రాత్రి మన కోలాటమును తలంచుకోవచ్చు. లోపలి వలయము ఒక దిక్కు, బయటి వలయము మరో దిక్కు తిరుగుతుంటే కోలలు కలుస్తాయి గాని చేతులు కలువవు. ఒకడు తాళము తప్పితే ప్రక్కవాని వ్రేళ్లకు దెబ్బ! ఎదుటి మనిషిని కనిపెట్టి నడుచుకొనుట అందులోను ఉన్నది. అమ్మాయిలు, అబ్బాయిలు ఒకరినొకరు గౌరవించుట అయిదవ తరగతిలో నేర్వకపోతే పదవ తరగతిలో ఎవరు నేర్పుతారు? ఈ సంగతి ఆడపిల్లను బడి మాన్పించి తొందరగా పెండ్లి చేసే ఇండ్లున్న మన మండలములలో మరీ అవసరము. చిత్రములోని చిన్న అమ్మాయిలు తమకు రాబోయే భర్త ఎట్టివాడై ఉండాలో మాట్లాడుకుంటారు. చదువుకున్నవాడు కావాలట, మత్తుమందులు అమ్మేవాడు వద్దట. పది పదకొండేళ్ల వారు ఈ మాటలు అంటుంటే వారి వీధి ఎటువంటిదో మనకు అర్థమవుతుంది.

ఇక పోటీ. మెట్టు మెట్టుగా గెలుస్తూ పోయి, చివరి పోటీ వింటర్ గార్డెన్ అనే అద్దాల మందిరములో జరుగుతుంది. 2001 సెప్టెంబరు 11న కూలిన జంట భవనముల ప్రక్కనే ఉన్న ఈ మందిరము ఆనాడు దెబ్బతిని, 2002లో తిరిగి తెరువబడింది. గెలిచినది వాషింగ్టన్ హైట్స్ బడి. కలిగినవారి పేట పిల్లలు మొదటనే వెనుదిరిగారు. ఓడిన పిల్లల ఏడ్పులను చిత్రము దాచలేదు. అందరూ గెలిచినవారే అని పెద్దలు చెబుతారు గాని పిల్లలు నమ్మరు. మన వాక్య కంఠస్థ పోటీలలో రెండవ బహుమతి అందుకొన్న బిడ్డ ముఖము చూచినవారికి ఇది తెలిసినదే. పదేళ్ల బిడ్డకు పోటీ అవసరమా అన్న ప్రశ్నకు మాలో మాకే ఏకాభిప్రాయము కుదరలేదు. చిత్రములో మరో కొరత ఏమంటే, అది బడులలోనే ఎక్కువగా తిరిగి ఇండ్లలోనికి అంతగా పోదు. ఆ తల్లిదండ్రులు ఏమనుకున్నారో తెలుసుకోవాలని మాకు అనిపించింది.

పియరీ డులేన్ గారి కథ మరొకటి ఉన్నది. ఆయన 1944లో యాఫాలో పుట్టారు. మన బైబిలులోని యొప్పే అదే. యోనా ఓడ ఎక్కిన రేవు, తబితా బట్టలు కుట్టిన ఊరు. తండ్రి ఐర్లండువాడు, తల్లి పాలస్తీనా స్త్రీ. 1948 యుద్ధములో ఆ కుటుంబము ఊరు విడిచి పోయింది. అనేక సంవత్సరముల తరువాత ఆయన అక్కడికి తిరిగి వెళ్లి, యూదుల పిల్లలకు, పాలస్తీనా పిల్లలకు కలిపి ఇదే నాట్యము నేర్పారు. హిల్లా మెదాలియా దర్శకత్వములో 2013లో వచ్చిన 'డాన్సింగ్ ఇన్ జాఫా' ఆ సంగతే చెబుతుంది. ఇక్కడి పని న్యూయార్కులో కంటె ఎంతో కష్టము. అబ్బాయి అమ్మాయి చేయి తాకుటకే కొన్ని ఇండ్లలో ఒప్పుకోరు. ఆపైన పట్టుకోవలసినది శత్రువుగా ఎంచిన జనము బిడ్డ చేయి. కొందరు పిల్లలు మధ్యలోనే మానుకున్నారు. మిగిలినవారు పోటీ రోజున జంటలుగా వచ్చి నిలిచారు. చూచుటకు వచ్చిన రెండు జనముల తల్లిదండ్రులు ఆ సాయంత్రము ఒకే హాలులో కూర్చున్నారు.