సంచి అడుగున షుగరు చీటీలు

పెదకూరపాడు నుండి పరీక్షకు బయలుదేరేటప్పుడు షుగరు చీటీల కోసం సంచి అంతా వెతుకుతున్నారా? డాక్టరుగారు మందు మోతాదు మార్చాలంటే ఆ అంకెలే ఆధారం.

కంప్యూటరు తెలిసిన పిల్లలకు ఈ పని అప్పగించండి. స్ప్రెడ్32 అనే చిన్న ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేయకుండానే, పెన్‌డ్రైవ్ నుండే విండోస్ కంప్యూటరులో తెరుచుకుంటుంది. తేదీ, సమయం, భోజనానికి ముందా తరువాతా, షుగరు ఎంత – ఈ నాలుగు వరుసలు చాలు.

అయితే సగటు ఒక్కటే చూసి సంతోషించకండి. ఒకసారి 58, మరోసారి 182 వస్తే సగటు 120. చూడడానికి ఎంత బాగుందో! కాని ఆ 58 ప్రమాదకరం. అందుకే ‘మిన్’ ఫార్ములాతో అన్నిటికన్నా తక్కువ అంకెను కూడా చూడండి.

షుగరు 70 కన్నా తగ్గితే, రోగి తెలివిలో ఉండి మింగగలిగితే, వెంటనే 3, 4 చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. ఆ రోజు ఏమి తిన్నారో, ఏ మందు వేసుకున్నారో కూడా పక్కనే రాసి, ప్రింటు తీసి తీసుకురండి.